గజం మీద గీత

హోబర్ట్ ఐసన్ తుపాకిని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. బుధవారం పొద్దున్న. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. సంచి విప్పి బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. గొట్టానికీ, మందు దట్టించే కర్ర గజానికీ కలిపి పురికొసతో అట్టముక్క కట్టి ఉంది. దాని మీద కోర్టు వాళ్ళ నంబరు.

ఆర్విల్ గేహార్ట్ చేతిలో ఆకురాయి కింద పెట్టాడు.

"ఎప్పుడొచ్చావు?"

"శనివారం."

"దేంట్లో?"

"బస్సు ఉన్నంత దూరం బస్సులో. ఆ తర్వాత కాళ్ళ మీద."

ఆర్విల్ అట్టముక్కను చాకుతో కోసి పొయ్యిలో పడేశాడు. అది మండేదాకా ఇద్దరూ పొయ్యి వంకే చూశారు. ఆ తుపాకి సంగతి కారస్ వాగు పొడుగునా తెలియనివాడు లేడు. తొమ్మిదేళ్ళ కిందట, ఇలాగే నవంబర్‌లో, హోబర్ట్ అది ఖాళీ అనుకుని బావమరిది డాల్టన్ మీదికి గురిచూసి మీట నొక్కాడు. ఖాళీ కాదు.

"కూర్చో."

"నిలబడతాలే బాబాయ్. వెనక గురి ముందుకు జరపాలి. గాడి కనపడ్డం లేదు. అక్కడ తొమ్మిదేళ్ళు చీపుళ్ళు కట్టించారు. దగ్గరవన్నీ అలుక్కుపోయాయి. గజం కూడా కొత్తది కావాలి. ఇది వంగిపోయింది."

"వేరే తుపాకి చూసుకోవచ్చుగా."

"అన్నాను. మా అత్త ఒప్పుకోలేదు. పంది కొవ్వింది, వచ్చేవారం కొట్టాలి. ఇంట్లో మగదిక్కు లేదు. దేంతో నా కొడుకు పోయాడో దాంతోనే నా ఇంటికి మాంసం తెస్తావు, అంది."

"జెల్ఫా అంది కదూ."

"ఇంకెవరంటారు."

"ఇంట్లోకి రానిచ్చిందా?"

"మొక్కజొన్నల కొట్లో పడుకోమంది. ఆదివారం దాకా."

ఆర్విల్ తుపాకి ఎత్తాడు. వెనక గురిని ఇత్తడి కడ్డీతో పక్కనుంచి తట్టాడు. అది కోతలోంచి కొంచెం కొంచెంగా జారి వచ్చింది. దాని అడుగున తేనెమైనం పూసి, గొట్టం మీద పాత చోటనే నిలబెట్టి, తుపాకిని హోబర్ట్ చేతికిచ్చాడు. హోబర్ట్ తీసుకోలేదు. ప్యాంటుకి అరచేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. అప్పుడు తీసుకున్నాడు.

"కిటికీలోంచి ఆ పొగాకు కొట్టం తలుపు చూడు. గాడి కనిపిస్తోందా?"

"బూజులా ఉంది."

ఆర్విల్ గురిని అరంగుళం ముందుకు జరిపాడు. "ఇప్పుడు?"

"అదే బూజు."

"ఇప్పుడు?"

"కొంచెం నయం."

నాలుగంగుళాలు జరిగాక హోబర్ట్ శ్వాస వదిలాడు. "అక్కడ." ఆర్విల్ ఆ చోట సూదితో గీశాడు. మనిషి కళ్ళు ఎంత ముసలివయ్యాయో గొట్టం మీద అలా తెలిసిపోతుంది. హోబర్ట్‌కి నలభై మూడు. ఆ గీత అరవై ఏళ్ళవాడికి పెట్టేది.

"ముందు గురి ఉంచేస్తాను" అన్నాడు ఆర్విల్. అది అర డాలరు వెండి నాణెం కోసి తనే చేసింది.

"వెండి వద్దు."

"అడవిలో చీకటి పడితే ఇదే కనబడుతుంది."

"ఎండలో కూడా కనబడుతుంది. ఆ రోజు దాన్ని తప్ప నేనింకేం చూళ్ళేదు."

ఆర్విల్ సొరుగు లాగి ఇత్తడిదొకటి, ఇనపదొకటి, ఎద్దు కాలి ఎముకతో చేసిందొకటి బల్ల మీద వరసగా పెట్టాడు. హోబర్ట్ ఒక్కోటీ వేలి కొస మీద పెట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. ఎముకది దగ్గర పెట్టుకున్నాడు.

"పందికి గురి ఎందుకు? చెవి దగ్గర గొట్టం ఆనించి కొడతావు."

"ఉడతల వేటక్కూడా నన్నే పొమ్మంది" అన్నాడు హోబర్ట్. తర్వాత, వాతావరణం గురించి చెప్పినట్టుగా, "ఆదివారం సంఘంలో నిలబడుతున్నా. ఒప్పుకోలు. మధ్యాహ్నం వాగులో బాప్తిస్మం."

"ఈ చలిలోనా? మీ సంఘపెద్ద ఎలామ్ నిన్ను ముంచి, గడ్డ కట్టాక లేపుతాడు."

హోబర్ట్ నవ్వబోయాడు. "వర్డీ ఒడ్డున దుప్పటి పట్టుకుంటానంది."

వర్డీ అతని భార్య. తొమ్మిదేళ్ళలో ఉత్తరం రాయలేదు.

"ఏం ఒప్పుకుంటావు?"

"అబద్ధమాడానని. గజం దింపి చూశానని కోర్టులో బైబిలు మీద చెయ్యేశాను కదా. చూళ్ళేదు."

"చూళ్ళేదా?"

"చూశాననే అనుకునేవాణ్ణి. ఏడేళ్ళు కళ్ళు మూస్తే అదే. గజం దింపాను, గీత గొట్టం మూతికి సమంగా నిలబడింది, ఖాళీ. తర్వాత ఒకనాడు కనిపించడం మానేసింది. కోర్టులో నువ్వే అన్నావు కదా బాబాయ్, గజం దింపితే పసిపిల్లాడికైనా తెలుస్తుందని. నిజమే. దింపి ఉంటే తెలిసేది. తెలియలేదంటే దింపలేదన్నమాట."

నిష్ఠూరం లేదు ఆ మాటలో. లెక్క అప్పజెప్పిన పిల్లాడిలా చెప్పాడు. శనివారం వచ్చి తీసుకెళ్తానని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

*

గజానికి కర్ర ఎన్నుకోవడం ఆర్విల్ ఎవరికీ వదిలిపెట్టడు. రంపంతో కోసిన కర్ర చూడ్డానికి తిన్నగా ఉంటుంది, లోపల నరం పక్కకి పోతుంది. గుండు బిగిసిన చోట బలంగా నొక్కితే ఏటవాలుగా విరిగి అరచేతిలోంచి పైకి వస్తుంది. అందుకని గొడ్డలితో చీల్చిన హికరీ చెట్టు కర్రే వాడతాడు. చీలిక తన దారిన తను పోతుంది, నరం ఎటుంటే అటు.

గురువారం అటక మీంచి నాలుగు బద్దలు దించాడు. మూడేళ్ళు ఆరినవి. మొదటిదాంట్లో ముడి ఉంది. రెండోది మోకాలికి ఆనించి వంచితే ఒకపక్కకే వంగింది. మూడోది గోటితో గీస్తూ పోతే సగంలో నరం అంచు దాటింది. నాలుగోదాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు చూసి, బిగింపులో పెట్టి, చెక్కడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి వేలి లావుకు వచ్చింది. గాజుపెంకుతో గీకి, చిల్లు ఉన్న ఇనప పలకలోంచి లాగి, పంది కొవ్వు రాశాడు.

ఇక పొడుగు కొయ్యాలి. పొడుక్కి కొలత పాత గజమే. దాన్ని గొట్టంలోకి దింపాడు. ఇనప తొడుగు అడుగున తగిలి టక్కుమంది. మూతి దగ్గర బొటనవేలు పెట్టి గీత కోసం చూశాడు.

ప్రతి గజం మీదా గీత ఉంటుంది. తుపాకి ఖాళీగా ఉంటే గీత సరిగ్గా మూతి దగ్గర నిలుస్తుంది. మందూ గుండూ ఉంటే గజం వాటి మీద ఆగి, గీత మూతికి పైన కనిపిస్తుంది. గీత పైనుంటే ముట్టుకోకు. ఈ వాగు మీద పిల్లలకి అక్షరాల కంటే ముందు అది నేర్పుతారు.

గీత పైన లేదు. మూతి దగ్గరా లేదు.

గజం బయటికి తీసి, తొడుగు తుడిచి, గొట్టంలో గుడ్డ ఆడించి మళ్ళీ దింపాడు. గీత లోపలికి పోయింది. మసి పేరుకుంటే గీత పైకి వస్తుంది. తుప్పు పట్టినా పైకే వస్తుంది. లోపలికి పోవడానికి ఒకటే దారి. గజం పొట్టిదవ్వాలి.

గజం కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. చివర ఇనప తొడుగు. దానికి అడ్డంగా కొట్టిన మేకు, మేకు తల మీద ఆకురాయితో పెట్టిన చిన్న కత్తెర గుర్తు. తనది. డాల్టన్ పోయిన ఆ వారమే హోబర్ట్ తుపాకి తెచ్చి, ముందు గురి కొత్తది పెట్టమని, గజం కొస విరిగింది చూడమని ఇచ్చి వెళ్ళాడు. వెండి కొయ్యడం ఆర్విల్‌కి అదే మొదలు. రెండు రోజులు దాని మీదే కూర్చున్నాడు. గజం ఆఖర్న, పావుగంట పని. విరిగిన కొస కోసి, తొడుగు దిగ్గొట్టి, మేకు కొట్టి ఇచ్చేశాడు. పాత గీత చెక్కేసి కొత్తది పెట్టాలి. పెట్టలేదు.

ఇంట్లోకి వెళ్ళి చిన్న కొలపాత్రలో మొక్కజొన్న పిండి తెచ్చాడు. మందు ఎంత పోస్తారో అంత పిండి పోశాడు. గుడ్డముక్కలో గుండు చుట్టి కూరాడు. పాత గజం దింపాడు.

గీత మూతికి సమంగా నిలబడింది.

"పిండితో ఉడతల్ని కొడతావా?" తలుపు దగ్గర భార్య కోరా నిలబడి ఉంది. "రొట్టెకే చాలక నేను డబ్బా దులుపుతుంటే."

ఆర్విల్ పక్కకి జరిగాడు. ఆమె వచ్చి చూసింది. నలభై ఏళ్ళు తుపాకులు బాగుచేసేవాడితో ఉన్న మనిషి, చెప్పక్కర్లేకపోయింది. నడుముకి కట్టుకున్న వంటగుడ్డలో చేతులు చుట్టుకుంది.

"హోబర్ట్‌ది కదూ."

"ఊఁ."

"అయ్యో దేవుడా" అంది నెమ్మదిగా. తలుపు మూసి వచ్చి, "చెప్పకు" అంది.

"ఏంటి?"

"ఆదివారం ఒప్పుకుంటాడనే జెల్ఫా వాణ్ణి గడప తొక్కనిస్తోంది. తొమ్మిదేళ్ళు ఆవిడకి కావలసింది ఆ ఒక్క ముక్కే. వాడు అనేస్తే వర్డీ మొగుడు వర్డీకి దక్కుతాడు. ఇప్పుడు నువ్వెళ్ళి, వాడు అబద్ధమాడలేదంటే ఎవరికి లాభం? నీకా?"

"నాకు కాదు."

"మరి?"

అతను గుండు బయటికి లాగడానికి మరచుట్టు కడ్డీ వెతుకుతున్నాడు. అది కళ్ళెదుటే ఉంది.

*

శుక్రవారం పని ముట్టుకోలేదు. వాగు వెంట పైకి నడిచాడు. ఆ ఏడు ఎవరెవరి గజాలు బాగుచేశాడో తలుచుకుంటూ ఒక్కో ఇంటి దగ్గరా ఆగాడు.

"ఏం పెద్దాయనా, తుపాకుల జనాభా రాస్తున్నావా?" అన్నాడు ఆమ్‌బర్జీ అనే ఆసామి, వసారాలో పొగాకు నములుతూ. "ప్రభుత్వం దానికి జీతం కూడా ఇస్తోందా?"

"గజం ఇవ్వు."

"నువ్వు చేసిందే. నువ్వే చెయ్యి పెట్టావు, నువ్వే అనుమానిస్తున్నావు. మా ఆవిడ నయం."

ఆర్విల్ దింపాడు. గీత మూతికి సమం. తొమ్మిదిళ్ళు తిరిగాడు. తొమ్మిది గజాలు దింపాడు. నాలుగిళ్ళలో మజ్జిగ తాగమన్నారు, ఒకచోట తాగాడు. ప్రతి గీతా ఉండాల్సిన చోటే ఉంది. వాటిలో ఆరు కొస కోసినవే. ఆరింటికీ పాత గీత చెక్కేసిన మచ్చ, దాని పక్కన కొత్త గీత. చెయ్యి మరవలేదు. ఒక్కసారి మరిచింది.

దిగి వస్తుంటే దారి జెల్ఫా ఇంటి కంచె పక్కనుంచి పోతుంది. మామూలుగా అవతలి గట్టు మీంచి వెళ్తాడు. ఈసారి కంచె పక్కనే నడిచాడు. డాల్టన్ నిలబడ్డ చోటు అందరూ చూపిస్తారు, మూడో గుంజ దగ్గర. అప్పటికింకా బతికున్న డాల్టన్ నాన్న, పొద్దున నక్క కోసం మందు కూరి మూల ఆనించాడు, ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం హోబర్ట్ కొత్త గురి చూడాలని తుపాకి తీశాడు. మందుకి నిప్పందించే చిన్న రాగి టోపీ పేలినా రెప్ప పడకుండా అలవాటు చేసుకోవాలని ఖాళీ తుపాకికి టోపీ పెట్టి నొక్కడం ఇక్కడందరూ చేసేదే. డాల్టన్ గుంజకి ఆనుకుని, గుండె మీద అరచెయ్యి పెట్టుకుని, "ఇక్కడ చూడు బావా, వెండి పెట్టించుకున్నావుగా, గుడ్డివాడైనా కొడతాడు" అన్నాడు. కోర్టులో ఆ మాట మూడుసార్లు చదివారు.

గుంజ మార్చేశారు. కొత్త గుంజ దగ్గర ఎవరో నిలబడినట్టు ఆర్విల్‌కి అనిపించింది. అరచెయ్యి గుండె మీద. తల తిప్పలేదు. 

*

శనివారం హోబర్ట్ వచ్చేసరికి తుపాకి సిద్ధంగా ఉంది. వెనక గురి కొత్త చోట కూర్చుంది. పాత కోతలో ఇనపముక్క దిగ్గొట్టి సాపుచేసి ఉంది. ముందు ఎముక గురి. కొత్త గజం బల్ల మీద ఉంది, గీత లేకుండా.

"బాగుంది" అన్నాడు హోబర్ట్, తుపాకి భుజానికెత్తి. "గాడి కనబడుతోంది."

"దించు. మూతి పైకి పెట్టి నేల మీద ఆనించు." ఆర్విల్ పాత గజం అతని చేతికిచ్చాడు. "దింపు."

"పాతదెందుకు?"

"దింపు."

దింపాడు. టక్కుమంది.

"గీతేది?"

హోబర్ట్ వంగి చూశాడు. "లోపలికి పోయింది."

ఆర్విల్ పిండి పోశాడు. గుండు కూరాడు. "ఇప్పుడు."

హోబర్ట్ దింపాడు. చెయ్యి ఆగిపోయింది. మూతి అంచు మీద గీత. దాని మీద బొటనవేలి గోరు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పొయ్యిలో బొగ్గు జారి కూలింది.

"ఇక్కడే" అన్నాడు. "ఇలాగే ఉంది."

"నేను పొట్టి చేశాను. గీత మార్చలేదు."

హోబర్ట్ నేల మీద కూర్చుండిపోయాడు, తుపాకి ఒళ్ళో పడకుండా ఒక చేత్తో పట్టుకుని. తలెత్తకుండానే అడిగాడు.

"కోర్టులో ఉన్నప్పుడు నీకు తెలుసా?"

"తెలీదు." ఆర్విల్ బల్ల అంచు పట్టుకున్నాడు. "గజం గొట్టానికి కట్టి బల్ల మీద పెట్టారు. తొడుగు నాదేనని గుర్తుపట్టాను. కట్టు విప్పండి, ఒకసారి దింపి చూస్తానని అడుగుదామనిపించింది. అడగలేదు."

"ఎందుకని?"

"సర్కారు ప్లీడరు నన్ను ఈ కొండల్లో ఇంతటి పనివాడు లేడన్నాడు. జనమంతా వింటున్నారు. అందుకని ఆ పసిపిల్లాడి మాట అన్నాను. బాగా చెప్పానని బయట ఇద్దరు చెయ్యి కలిపారు."

హోబర్ట్ తలూపాడు.

"గీత కనిపించడం మానేసిన నాడు నాకు నిద్రపట్టింది బాబాయ్. ఏడేళ్ళలో మొదటిసారి. చూసుకోకుండా చంపాను, అయిపోయింది అనుకున్నాను. అయిపోవడం అంటే ఏంటో నీకు తెలీదు." గీత వంక చూశాడు. "మళ్ళీ తెచ్చిపెట్టావు."

"రేపు నేనొచ్చి చెబుతాను."

"నువ్వు సభ్యుడివి కాదు. నిన్ను మాట్లాడనివ్వరు."

"ముందు జెల్ఫాకి చెబుతాను."

"మా అత్త నీకు తలుపు తియ్యదు. నువ్వు నన్ను కాపాడ్డానికి వచ్చావంటుంది." లేచాడు. "రేపు ఆ ముక్క అనేస్తే వర్డీ దుప్పటితో ఒడ్డున ఉంటుంది. అనకపోతే ఉండదు. నీకర్థమవుతోందా?"

"అవుతోంది."

"నా నోరు నేను చూసుకుంటాను. నీది నీ ఇష్టం."

కొత్త గజం తీసుకున్నాడు. ఆర్విల్ పిండీ గుండూ బయటికి తీసి, గొట్టం తుడిచి ఇచ్చాక హోబర్ట్ తనే గజం దింపి, చాకు అడిగి, మూతికి సమంగా తన చేత్తోనే గీత పెట్టుకున్నాడు. గజం తిప్పుతూ చుట్టూ కోశాడు. లోతుగా కోశాడు. పాతది బల్ల మీదే ఉంది.

"అది?"

"నీ దగ్గరుండనీ."

*

ఆదివారం మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఆర్విల్ వెనక బల్ల మీద, సభ్యులు కానివాళ్ళ మధ్య కూర్చున్నాడు. కోరా రాలేదు. జెల్ఫా ముందు వరసలో చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. పక్కన వర్డీ. వర్డీ ఒళ్ళో మడిచిన దుప్పటి.

సంఘపెద్ద ఎలామ్ ఒక్కో చరణం చదివి ఇస్తుంటే జనం సాగదీసి పాడారు. పాట అయ్యాక అతను, "ఒక సహోదరుడు ఇవాళ గుండె విప్పుతానన్నాడు. లేవయ్యా" అన్నాడు.

హోబర్ట్ లేచాడు. కోటు గోడ మేకుకి తగిలించి ఉంది. చొక్కా జెల్ఫా భర్తదేమో, చేతులు పొట్టిగా ఉన్నాయి.

"అబద్ధం ఒప్పుకుంటానని మీతో అన్నాను" అన్నాడు. వర్డీ వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాడు. "ఒప్పుకోలేను. ఆ రోజు గజం దింపాను. గీత మూతికి సమంగా నిలబడింది. డాల్టన్‌ని నేనే చంపాను, ఆ సంగతి నాకు తెలుసు. కానీ చూసుకునే చంపాను. ఇంతకంటే ఇంకో మాట నా దగ్గర లేదు. ఇలా పనికిరానంటే వెళ్తాను."

 ఎలామ్ బైబిలు మూశాడు. జెల్ఫా కర్ర మీద చేతులు ఒకదాని మీద ఒకటి మార్చింది. అంతే. హోబర్ట్ నడవాలోంచి వచ్చి, ఆర్విల్ పక్కనుంచి, అటు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. తలుపు సరిగ్గా పడలేదు. సందులోంచి చలిగాలి వస్తోంది.

ఆర్విల్ లేచాడు.

"కూర్చో ఆర్విల్" అన్నాడు ఎలామ్. "ఇక్కడ నీకు మాట లేదు."

"తెలుసు. అయినా చెబుతాను. అతను గజం దింపాడు. గీత అబద్ధం చెప్పింది. దాన్ని అలా చేసింది నేను. కొస విరిగితే కోసి పొట్టి చేశాను, గీత మార్చలేదు. మందు నిండుగా ఉన్నా ఖాళీ అని చూపించింది. కోర్టులో నన్నడిగినప్పుడు గజం దింపి చూపిస్తే తేలిపోయేది. చూపించలేదు. పేరు వస్తోంది కదాని ఊరుకున్నాను."

చెప్పేశాక ఏం చెయ్యాలో అతను అనుకుని రాలేదు. అలాగే నిలబడ్డాడు.

"ఎంత?"

జెల్ఫా గొంతు. తల తిప్పలేదు.

"ఏంటమ్మా?"

"ఎంత పొట్టి చేశావు?"

ఆర్విల్ చెయ్యెత్తాడు. మూడు వేళ్ళు దగ్గరగా చేర్చి అడ్డంగా పట్టాడు. అప్పుడు ఆమె కర్ర మీద బరువు వేసి, నడుం తిప్పి, వెనక్కి చూసింది. ఆ వేళ్ళను చూసింది. అతని మొహం వైపు రాలేదు ఆ చూపు. మందిరంలో అందరూ ఆమెనే చూస్తున్నారు. కొడుకు లేని తొమ్మిదేళ్ళు మూడు వేళ్ళలో ఎక్కడ పడతాయో వెతుకుతున్నట్టు చాలాసేపు చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది.

"వర్డీ" అంది. "వాడి కోటు మేకుకే ఉంది. బయట మంచు పడుతోంది."

వర్డీ దుప్పటి పక్కన పెట్టబోయింది. పెట్టలేదు. దుప్పటితోనే లేచి, కోటు తీసుకుని నడవాలోకి వచ్చింది. నడవా ఇరుకు. ఆర్విల్ ఒదిగి దారి ఇచ్చాడు. కోటు అంచు అతని చేతికి తగిలి వెళ్ళింది.

ఎలామ్ గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. అలవాటు ప్రకారం జనం లేచి ఒకరికొకరు చేతులు కలుపుతూ వరసలు దాటుతున్నారు. ఆర్విల్ చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు కలుపుకున్నారు, అతని ముందు నుంచీ, వెనక నుంచీ. ఎవరూ అతన్ని కూర్చోమనలేదు. అతను నిలబడే ఉన్నాడు.